బుల్టాకో షెర్పా టి 250: స్కాట్లాండ్ రాళ్ళ మీద నా పాత స్పానిష్ బండి

స్పీడు కోసం బండి కొనేవాళ్ళు ఈ రివ్యూ ఇక్కడితో ఆపేయొచ్చు. నేను చెప్పబోయేది 1972 నాటి బుల్టాకో షెర్పా టి 250 గురించి. బురదలో, వాగుల్లో, తడిసిన బండరాళ్ళ మీద, మనిషి నడక కంటే నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా పోవడానికి తయారుచేసిన బండి ఇది. సీటు ఉందంటే ఉంది, దాని మీద కూర్చునే పని మాత్రం పెద్దగా పడదు. నడిపినంతసేపూ ఫుట్‌రెస్టుల మీద నిలబడే ఉండాలి. నేను స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో ఉంటాను. ట్రైలర్ మీద ఈ బండి పెట్టుకుని పెట్రోలు బంకులో ఆగితే చాలు, ఎవరో ఒక పెద్దాయన నడిచొచ్చి "మా అన్నయ్యకి ఒకటుండేది" అని మొదలుపెడతాడు. వెనక కార్లవాళ్ళు హారన్ కొట్టేదాకా వదలడు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. దీన్ని ట్రయల్స్ అంటారు. కొండ వాలులోనో వాగులోనో కొంత మేర గుర్తులు పాతి దానికి సెక్షన్ అని పేరు పెడతారు. ఆ గుర్తుల మధ్య నుంచి ఆగకుండా, కాలు ఆనించకుండా బయటపడితే సున్నా, అదే క్లీన్. ఒకసారి కాలు ఆనిస్తే ఒక మార్కు, దాన్ని డాబ్ అంటారు. రెండుసార్లకు రెండు. మూడుసార్లకు మూడు, ఆపైన ఎన్నిసార్లు ఆనించినా మూడే. ఆగిపోయినా, పడిపోయినా, గుర్తులు దాటి బయటికి పోయినా అయిదు. మార్కులు ఎంత తక్కువ పడితే అంత గొప్ప. ప్రతి సెక్షన్ దగ్గరా అబ్జర్వర్ ఒకరు నిలబడి లెక్క చూస్తారు. జీతం బత్తెం లేని పని అది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వానలో, గాలిలో, ఫ్లాస్కులో టీతో నిలబడాలి. ఈ ఆట ఇక్కడ వందేళ్ళు దాటి బతికిందంటే సగం పుణ్యం వాళ్ళదే.

వందేళ్ళన్నది లెక్కగానే అంటున్నాను. స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ 1909లో మొదలైంది. ఎడిన్‌బరా అండ్ డిస్ట్రిక్ట్ మోటార్ క్లబ్ నడుపుతుంది. యుద్ధాల కాలంలో, 2001లో పశువులకు గాలికుంటు వ్యాపించినప్పుడు, కోవిడ్ అప్పుడు ఆగింది తప్ప, ప్రతి మే నెలలో జరుగుతూనే ఉంది. దాదాపు 300 మంది, ఆరు రోజులు, రోజుకు 30 దాకా సెక్షన్లు. ఒక్కో రోజు దూరం 100 మైళ్ళ దాకా పోతుంది. ఫోర్ట్ విలియమ్ ఊరంతా ఆ వారం రెండు స్ట్రోకుల పొగ వాసనే.

ఈ బండి నాకు అమ్మింది మా పక్కవీధి పెద్దాయన. బస్సుల గ్యారేజీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్ళు అబ్జర్వర్‌గా నిలబడ్డారు. బండి చూపించడానికి అయిదు నిమిషాలు, కథలకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఆయన చిన్నప్పుడు ట్రయల్ ఎడిన్‌బరాలోని గోర్గీ పశువుల సంత దగ్గర బయల్దేరేదట. 1977 నుంచి మొదలూ చివరా రెండూ ఫోర్ట్ విలియమ్‌లోనే గానీ, అంతకుముందు రైడర్లు నగరం నడిబొడ్డు నుంచి హైలాండ్స్ దాకా రోడ్డు మీదే పోవాలి. వాళ్ళ నాన్న బడి ఎగ్గొట్టించి మరీ తీసుకెళ్ళేవారని చెబుతుంటే ఆయన మొహం చూడాలి.

అప్పటి బండ్లలో ఎక్కువ బ్రిటిష్ ఫోర్‌స్ట్రోకులే. ఏరియల్, ఏజేఎస్, మాచ్‌లెస్, బీఎస్ఏ. మన బుల్లెట్ అభిమానులు ఇక్కడ కాలరెగరేయొచ్చు: జానీ బ్రిటన్ 1952లో, మళ్ళీ 1957లో ఈ ఆరు రోజుల ట్రయల్ గెలిచింది 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీదే. 1959లో రాయ్ పెప్లో 199 సీసీ ట్రయంఫ్ టైగర్ కబ్ మీద గెలిచాడు. 1961లో గోర్డన్ జాక్సన్ ఏజేఎస్ మీద ఆరు రోజులూ కలిపి పోగొట్టుకున్నది ఒక్కటంటే ఒక్క మార్కు. గ్రే మేర్స్ రిడ్జ్ అనే సెక్షన్‌లో కాలు ఒక్కసారి ఆనింది, సరిగ్గా ఆ క్షణానికి ఎవరో ఫోటో కూడా తీశారు. మా పెద్దాయన గ్యారేజీలో స్పానర్ల పైన ఆ ఫోటో అంటించి ఉంది. ప్రపంచంలో ఇంకే ఆటలోనైనా గెలిచినవాడి ఫోటోగా వాడి తప్పు అడుగు ఫోటో పెట్టుకుంటారా?

ఇక షెర్పా దగ్గరికొస్తే, దీని వెనక ఉన్న మనిషి సామీ మిల్లర్. బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాడు. 500 సీసీ ఏరియల్ మీద 1962లోనూ 1964లోనూ ఇక్కడ గెలిచాడు. 1964 చివర్లో బార్సిలోనా వెళ్ళి, బుల్టాకో కంపెనీవాళ్ళతో కూర్చుని, కొన్ని రోజుల్లోనే ఒక టూస్ట్రోక్ ట్రయల్స్ బండికి రూపం ఇచ్చాడు. కంపెనీ పెట్టిన పాకో బుల్టో అంతకుముందు మోంటెసా అనే ఇంకో స్పానిష్ బండ్ల కంపెనీలో ఉండి, 1958లో బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టినాయన. 1965 మేలో మిల్లర్ 669 ఎన్‌హెచ్‌ఓ నంబరు బుల్టాకోతో స్కాట్లాండ్ వచ్చి గెలిచాడు. ఆరు రోజుల ట్రయల్‌ని విదేశీ బండి గెలవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది అలన్ లాంప్‌కిన్ బీఎస్ఏ మీద గెలిచి బ్రిటిష్ బండ్ల పరువు నిలబెట్టాడు. 1967, 1968 రెండూ మళ్ళీ మిల్లర్‌వే. 1969లో బిల్ విల్కిన్సన్ బ్రిటిష్ బండి గ్రీవ్స్ మీద గెలిచాడు. ఆపైన 1970 నుంచి 1979 దాకా గెలిచినవన్నీ స్పెయిన్, జపాన్ బండ్లు. అందులో 1976, 77, 78 వరసగా మార్టిన్ లాంప్‌కిన్, బుల్టాకో.

ఆ 1965 వారం సంగతి పెద్దాయనని అడిగితే గెలుపు గురించి కాదు, చప్పుడు గురించి చెప్పారు. లోయ కింద నుంచి ఏరియల్ వస్తుంటే రెండు మలుపుల ముందే డబ్ డబ్ అని తెలిసిపోయేదట. ఈ కొత్త బండి మాత్రం పక్కకొచ్చేదాకా వినబడలేదట, వచ్చాక కూడా సన్నగా టింగ్ టింగ్ మంటూ వెళ్ళిపోయిందట. అక్కడున్న పెద్దవాళ్ళు నవ్వారు. సాయంత్రానికి నవ్వడం మానేశారు.

సరే, నడిపితే ఎలా ఉంటుంది? పర్త్‌షైర్ కొండల్లో నవంబరులో ఒక క్లబ్ ట్రయల్. సెక్షన్ ఒక వాగు. ఇక్కడ దాన్ని బర్న్ అంటారు. మోకాలి లోతు లేదు గానీ అడుగంతా నాచు పట్టిన గుండ్రాళ్ళు. ముందు నడిచి చూసుకున్నాను, ఎక్కడ చక్రం పెట్టాలో మనసులో గీత గీసుకున్నాను. రెండో గేరులో దిగాను. మూడొంతులు బాగానే పోయింది. వాగు మలుపులో ఒక పలకరాయి మెట్టులా అడ్డంగా ఉంది. ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం దానికి తగిలి నిలబడిపోయింది. ఇంజిన్ చప్పుడు పడిపోయింది. ఒక్కో దెబ్బ విడివిడిగా లెక్కపెట్టొచ్చు: టక్... టక్... ఇక ఆరిపోయింది, అయిదు ఖాయం అనుకున్నా. క్లచ్ ముట్టుకోలేదు. లోపల తిరిగే ఆ బరువైన ఫ్లైవీల్ ఇంకో రెండు దెబ్బలు ఎక్కడి నుంచో తెచ్చుకుంది. టైరు రాయిని పట్టింది, బండి తాపీగా ఎక్కేసింది. అబ్జర్వరమ్మ కార్డు మీద పంచ్ కొడుతూ "నీ పని కాదది, బండి పని" అంది. నిజమే. డబ్బు పెట్టి కొన్నది ఆ రెండు దెబ్బల కోసమే.

ఈ ఇంజిన్ గొప్పంతా అక్కడే ఉంది. 244 సీసీ, అయిదు గేర్లు. ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు పవరేమీ లేదు, రోడ్డు మీద గంటకు 40 మైళ్ళు దాటితే ఒళ్ళంతా వణుకుతుంది. కానీ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఉన్న లాగుడు చెబితే నమ్మరు. థ్రాటిల్ వెంట్రుకవాసి తిప్పితే వెంట్రుకవాసే కదులుతుంది. వెనక టైర్లో గాలి 4, 5 పీఎస్ఐ మాత్రమే పెడతాం కాబట్టి టైరు మెత్తగా రాయిని కరుచుకుంటుంది. బరువు 92 కిలోల ప్రాంతం. నేటి ట్రయల్స్ బండ్లు 70 కిలోల ప్రాంతంలో ఉంటాయి, వాటితో పోలిస్తే ఇది బరువే. అలాగని ఇది బురదలో పడితే లేపడానికి ఇంకో మనిషిని పిలవక్కర్లేదు. ఏరియల్ పడితే పిలవాలి.

స్టార్టింగ్ ఒక పూజావిధానం. ఆమల్ కార్బురేటర్ పక్కనున్న చిన్న బుడిపె నొక్కి, పెట్రోలు వేలి మీద కారేదాకా పట్టుకోవాలి. చలికాలంలో ఆ వేలు కాసేపు మనది కాదు. కిక్ ఎడమవైపు ఉంటుంది. అందుకే మొదట్లో బండి పక్కన నిలబడి, కుడికాలుతో కొట్టేవాణ్ణి. గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద. మామూలు బండి నుంచి దిగి దీన్నెక్కితే కొన్నాళ్ళు బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు, సెక్షన్ మధ్యలో అదొక టెన్షన్. ఆ పెట్రోలు చేతులతోనే ఇంట్లోకొస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపుతుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు తిట్లు. బ్రేకులు డ్రమ్ములు. పొడి నేల మీద పర్వాలేదు. వాగు దాటాక కాసేపు అవి అలంకారానికే. దిగుడు వాలు ముందు నీళ్ళు తగిలితే, దేవుడి మీద భారం వేసి ఇంజిన్‌తోనే ఆపుకోవాలి. క్లచ్ రాత్రంతా నిలిపితే ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. పొద్దున్నే గేరు వేయగానే బండి ఎగిరి దూకుతుంది. స్ప్రింగులన్నీ సమంగా బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది, కానీ వాటిని పట్టి ఉంచే సన్న పిన్నులు తీసి పెట్టే ఓపిక కావాలి. ఫుట్‌రెస్టులు ఇప్పటి పద్ధతికి మరీ ముందుకి, మరీ ఎత్తులో ఉన్నాయి. చాలామంది వాటిని కాస్త వెనక్కి, కిందకి జరిపి వెల్డింగ్ చేయించుకుంటారు. నా బండికి అది పాత ఓనరే చేయించారు కాబట్టి నేను బతికిపోయాను.

విడిభాగాల సంగతి. కంపెనీ 1983లోనే మూతపడినా, బ్రిటన్‌లో, స్పెయిన్‌లో దాదాపు ప్రతి ముక్కా దొరుకుతుంది. ఈ విషయంలో 50 ఏళ్ళ బండి అనే భయం అక్కర్లేదు. కాకపోతే షెర్పా ఒక బండి కాదు. ఏటేటా చిన్న చిన్న మార్పులతో వచ్చిన బోలెడు మోడళ్ళు. ఫ్రేము నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఇచ్చి ఆర్డర్ చేయాలి. నేను ఇచ్చినా, ఒక ఆన్‌లైన్ షాపువాళ్ళు వేరే మోడల్ క్లచ్ ప్లేట్లు పంపారు. వెనక్కి పంపే ఖర్చు నాదేనన్నారు, ఫోన్లో గంటసేపు నాకే పాఠం చెప్పారు. ఇప్పుడు ముందు ఫోటో పంపించి, అవునన్నాకే డబ్బు కడుతున్నా.

ఈ బండితో వెళ్ళలేని చోటు ఒకటుంది, అసలు పిచ్చి అంతా అక్కడే ఉంది. కిన్‌లాక్‌లెవెన్ అనే చిన్న ఊళ్ళో, ఆరు రోజుల ట్రయల్‌కి ముందు శుక్ర, శనివారాల్లో ప్రీ-65 స్కాటిష్ అని జరుగుతుంది. 1984 నుంచి ఉంది. 1965కి ముందటి తరహా బండ్లకే ప్రవేశం. నాకైతే ఆ గీత సరిగ్గా షెర్పా గెలిచిన ఏడాది దగ్గర గీయడం చూస్తే నవ్వొస్తుంది. "మీరు రాకముందు మా కాలం బాగుండేది" అని మర్యాదగా చెప్పినట్టుంటుంది. చూడటానికి టికెట్ లేదు. గ్లెన్‌కో నుంచి లాక్ లెవెన్ ఒడ్డు వెంబడి ఇరుకు రోడ్డు, తొందరగా వెళ్ళకపోతే కారు పెట్టడానికి చోటు దొరకదు.

ఒకప్పుడు ఇది అల్యూమినియం ఫ్యాక్టరీ ఊరు. బ్లాక్‌వాటర్ డ్యామ్ నుంచి నీళ్ళు తెచ్చే పెద్ద పెద్ద గొట్టాలు కొండ మీద నుంచి కిందికి దిగుతాయి. వాటి పక్కనే నిట్టనిలువుగా పైకి పోయే సెక్షన్ పేరు పైప్‌లైన్. కదిలే రాళ్ళు, పట్టు దొరకని మట్టి. రెండు పక్కలా జనం బారులు తీరి నిలబడతారు. పెద్ద ఏరియల్ ఒకటి కింద నుంచి ఒకే గేరులో, డబ్ డబ్ మంటూ, నడుపుతున్నాయన తెల్ల గడ్డం ఊగుతుండగా పైదాకా వచ్చేస్తే ఆ జనం వేసే కేక కొండ అవతలికి వినబడుతుంది. కొంతమంది ఇంకా ఆముదంతో చేసిన పాతకాలపు ఇంజిన్ ఆయిల్ పోస్తారు. ఆ పొగ ముక్కుకి తగిలితే నా పక్కనున్న పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చుకోవడం చూశాను. నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది.

అక్కడ చాటుగా జరిగే గొడవ ఇంకొకటి. పైకి టైగర్ కబ్, బీఎస్ఏ బాంటమ్ అని బోర్డు, లోపల విప్పి చూస్తే కొత్తగా కోసి చేసిన ముక్కలే ఎక్కువ. ఫోర్కులు కొత్తవి, ఇగ్నిషన్ కొత్తది, ఫ్రేము కొత్తది. ట్యాంకు మీద పేరొకటి పాతది. అలాంటి కబ్ ఒకటి మంచిది కావాలంటే నా షెర్పాకి పెట్టినదానికి రెండింతలు, మూడింతలు పెట్టాలి. నేను పెట్టింది 3,000 పౌండ్లకు కాస్త పైన. నా అభిప్రాయం అడిగితే, ట్విన్‌షాక్ (వెనక రెండు షాకబ్జార్బర్లున్న పాత బండ్ల) క్లాసులో తిరిగే ఒక నిజమైన షెర్పా, డబ్బుతో పెంచిన కబ్ కంటే నిజాయితీ గల బండి. కిన్‌లాక్‌లెవెన్‌లో ఈ మాట గట్టిగా అనకండి.

కొనే ముందు ఇంకో సంగతి తెలియాలి. స్కాట్లాండ్‌లో చాలావరకు ఎవరి భూమి మీదైనా బాధ్యతగా నడిచే హక్కు 2003 చట్టం ఇచ్చింది, కానీ మోటారు బండికి ఆ హక్కు లేదు. కొండ కనబడింది కదా అని తోలితే నేరమే. ఆడాలంటే క్లబ్బులో చేరాలి, వాళ్ళు భూమి యజమాని అనుమతి తెచ్చిన చోటే ఆడాలి. క్లబ్ ట్రయల్స్‌కి ప్రవేశ రుసుము సినిమాకి ఇద్దరు వెళ్ళిన ఖర్చు. 40 ఏళ్ళు దాటిన బండి కాబట్టి హిస్టారిక్ కింద నమోదైతే రోడ్ ట్యాక్స్ సున్నా, ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష కూడా అక్కర్లేదు. ఇన్సూరెన్స్ మాత్రం మామూలే.

ట్రయల్స్ లెక్కలోనే మార్కులేస్తే: ఇంజిన్ క్లీన్. విడిభాగాలు ఒక డాబ్, ఆ డాబ్ ఆ ఆన్‌లైన్ షాపు పుణ్యం. క్లచ్‌కి రెండు. నుంచునే తీరు, ఫుట్‌రెస్టులు జరపకపోతే మూడు. నీళ్ళలో బ్రేకులు అయిదు, అప్పీలు లేదు. ఇప్పుడే నేర్చుకునేవాళ్ళు, ముఖ్యంగా కాస్త తేలికైన మనుషులు, యమహా టీవై 175 చూడటం మేలు. ట్రయల్స్ రైడర్ మిక్ ఆండ్రూస్ చేయి పడిన బండ్లు అవి, మచ్చికైనవి, గేరు మామూలు వైపే ఉంటుంది. షెర్పాకున్న ఆ లాగుడు మాత్రం వాటికి లేదు.

ఇక బేరానికి వెళ్ళినప్పుడు. 1970ల మొదటి షెర్పాలకు ఫైబర్‌గ్లాస్ ట్యాంకులుండేవి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది ఆ ఫైబర్‌గ్లాస్‌ని లోపల నుంచి జిగురు చేసేస్తుంది. మూత తీసి టార్చ్ వేసి చూడండి, గోడలు జిగటగా ఉంటే అల్యూమినియం ట్యాంకు ఖర్చు బేరంలో తగ్గించండి. మీరు కొన్నాక ఆ ఈ10 పెట్రోలు కాకుండా, ఇథనాల్ 5 శాతం దాకానే ఉండే ఈ5 పోయించండి. వెనక ఇరుసు, ఆ చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ పట్టుకుని పక్కలకు ఊపండి. ఫ్రేము కింద గొట్టాలు రాళ్ళకు కొట్టుకుని చదునైపోయాయేమో వంగి చూడండి. మీరు వెళ్ళేసరికి అమ్మే ఆయన బండి ముందే వేడి చేసి ఉంచితే, ఒక కప్పు టీ అడిగి, అది చల్లారేదాకా కబుర్లలో కూర్చోండి. చల్లటి ఇంజిన్ మొదటి మూడు నాలుగు కిక్కుల్లో అందుకుంటేనే డబ్బు సంగతి ఎత్తండి.